ఆబిడ్సు–నాంపల్లి ప్రాంతమున బోధనసాధనముల చరిత్ర: ఒక పరిశీలనము

సాంకేతిక సాధనమనగానే నేటివారికి కంప్యూటరు, సెల్‌ఫోను తలపునకు వచ్చును. కాని వీధిబడిలో పంతులు పరపించిన ఇసుకయు సాధనమే. పిల్లవాడు ఆ ఇసుకలో వ్రేలితో అక్షరములు దిద్దెను. తప్పినచో అరచేతితో చెరపి మరల వ్రాసెను. పిమ్మట పలకయు బలపమును వచ్చినవి. తాటాకును గంటమును త్రోసిపుచ్చి అచ్చుపుస్తకము వచ్చినది. వీనిలో ప్రతియొక్కటియు తన కాలమున క్రొత్తదే. గురువు నోటికిని శిష్యుని చెవికిని నడుమ నిలిచి పాఠమును మోయు వస్తువేదైనను బోధనసాధనమే యని గ్రహించినచో, ఈ విషయము నిన్న మొన్నటిది కాదనియు, దీనికి దీర్ఘమైన చరిత్ర కలదనియు తెలియగలదు.

ఆ చరిత్రను దేశమంతటికిని వ్రాయుట ఈ వ్యాసమునకు మించిన పని. కావున హైదరాబాదు నగరమున ఆబిడ్సు, నాంపల్లి అను రెండు పేటలను, వాని నంటియున్న సుల్తాను బజారు, గన్‌ఫౌండ్రీ, బషీర్‌బాగు, సైఫాబాదులను మాత్రమే గైకొని, అచ్చట ఒక్కొక్క కాలమున వెలసిన సాధన మేదియో, అది తెలుగు విద్యార్థిని చేరినదో లేదో, చేరకున్న నేల చేరలేదో పరిశీలింప యత్నించుచున్నాను. కాలినడకన ఒక్క పూటలో చుట్టి రాదగిన ఈ చిన్న ప్రాంతమున నూటయిరువది యేండ్ల విద్యాచరిత్ర ఇమిడియున్నది.

ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాను కొలువులోనుండిన ఆల్బర్టు ఆబిడ్ అనువాని దుకాణమును బట్టి ఆబిడ్సునకు ఆ పేరు వచ్చినది. నాంపల్లి రైలుస్టేషను 1907లో నిర్మింపబడినది. అంతకు పూర్వమే ఈ ప్రాంతమున ఆధునిక విద్య పాదుకొనెను. సెయింట్ జార్జి గ్రామరు స్కూలు 1834లోను, నిజాము కళాశాల 1887లోను, స్టాన్లీ బాలికా పాఠశాల 1895లోను ఏర్పడినవి. నిజాము కళాశాల మద్రాసు విశ్వవిద్యాలయమునకు అనుబంధముగా నుండి ఆంగ్లమున విద్య గఱపెను. ఇట్టి విద్యాలయములలోనికి క్రొత్త పుస్తకములు, పటములు, ప్రయోగశాలా పరికరములు వచ్చుటకు వీలు చిక్కినది. కాని ఆ సాధనములన్నియు మాటలాడిన భాష ఆంగ్లము. సంస్థానపు జనసంఖ్యలో సుమారు సగము తెలుగువారే యైనను, తెలుగు పిల్లవాడు ఆ గడపలో కాలిడుటకు ముందు తన భాషను బయట విడిచి రావలసి యుండెను.

ఈ లోటును మొదట గుర్తించి పనికి పూనుకొన్నవారు ప్రభుత్వము వారు కారు, కొందరు చదువరులు. 1901 సెప్టెంబరు 1వ తేదీన, నాడు రెసిడెన్సీ బజారనబడిన నేటి సుల్తాను బజారులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము స్థాపింపబడినది. కొమఱ్ఱాజు వేంకట లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు, మునగాల రాజా నాయని వేంకట రంగారావు గార్లు దాని స్థాపకులలో ముఖ్యులు. గ్రంథాలయముతో తృప్తి నొందక, లక్ష్మణరావుగారు మిత్రులతో గూడి 1906లో హైదరాబాదుననే విజ్ఞానచంద్రికా మండలిని నెలకొల్పిరి. గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు రచించిన అబ్రహాము లింకను చరిత్రము ఆ మండలి ప్రకటించిన తొలి గ్రంథము. పిమ్మట ఆచంట లక్ష్మీపతిగారి జీవశాస్త్రము, వేమూరి విశ్వనాథశర్మగారి రసాయనశాస్త్రము, మంత్రిప్రగడ సాంబశివరావుగారి పదార్థవిజ్ఞానశాస్త్రము వెలువడినవి.

ఈ గ్రంథముల ప్రాముఖ్యమును సాహిత్యచరిత్రకారులు పలుమార్లు చెప్పియున్నారు. బోధనచరిత్ర దృష్టితో మాత్రము వానిని చూచినవారు అరుదు. తెలుగులో ప్రకృతిశాస్త్రమును పాఠముగా చెప్పదగిన వాక్యము, పారిభాషిక పదము ఆ పుస్తకములలో రూపుదిద్దుకొనినవి. జీవశాస్త్రము, రసాయనశాస్త్రము అను పేర్లను నేటికిని మన విద్యార్థులు వాడుచున్నారు. పదార్థవిజ్ఞానశాస్త్రమను పేరు మాత్రము క్రమముగా వెనుకబడి భౌతికశాస్త్రమను పేరు నిలిచినది. అనగా సాధనము సిద్ధమైనది. కాని ఏ తరగతి గదికి?

ఇచ్చటనే మన పరిశీలనలో మొదటి చిక్కు ఎదురగుచున్నది. ఆ కాలమున హైదరాబాదు సంస్థానమున గాని, మద్రాసు రాజధానిలో గాని తెలుగులో రసాయనశాస్త్రమును కళాశాలలో బోధించు ఏర్పాటు లేదు. పుస్తకమున్నది; దానికి తగిన బడి లేదు. దానిని చేతబట్టి బోధింపవలసిన గురువు లేడు. 1908లో మండలి మద్రాసునకు తరలిపోయెను. అచ్చుకూటములును, పాఠకులును అచ్చట హెచ్చు. చదువరి తన యింట దీపము ముందు కూర్చుండి స్వయముగా నేర్చుకొనుటకు ఆ గ్రంథములు తోడ్పడినవి. అది చిన్న ప్రయోజనము కాదు. కాని స్వయముగా నేర్చుకొనగలవాడు అప్పటికే కొంత నేర్చినవాడు. ఏమియు రాని పిల్లవానికి బడి కావలెను.

పదేండ్లు గడచిన పిమ్మట ఈ ప్రాంతముననే దీనికి సరిగా తలక్రిందులైన పరిస్థితి ఏర్పడినది. దేశభాషలో ఉన్నతవిద్య బోధింపవలెనను సంకల్పముతో ఉస్మానియా విశ్వవిద్యాలయము 1918లో స్థాపితమయ్యెను. 1919లో తరగతులు ఆరంభమైనపుడు దానికి సొంత భవనములు లేవు. గన్‌ఫౌండ్రీలోని కొన్ని ఇండ్లలో పాఠములు సాగినవి. 1786లో ఫ్రెంచి సేనాని రేమండు నిజాము సైన్యమునకై ఫిరంగులు పోయించిన కార్ఖానాను బట్టి ఆ పేటకు ఆ పేరు వచ్చినది. ఫిరంగులు పోసిన పేటలో శాస్త్రపదములు పోతపోయుట మొదలైనది. విశ్వవిద్యాలయమునకు ముందే, 1917లో, మౌల్వీ అబ్దుల్ హఖ్ గారి ఆధ్వర్యమున అనువాద సంస్థ ఏర్పడి ఇంగ్లీషు మొదలగు భాషలనుండి గణితము, భౌతికము, రసాయనము, చరిత్ర, న్యాయము మున్నగు విషయముల గ్రంథములను ఉర్దూలోనికి తెచ్చెను. వేలకొలది పారిభాషిక పదములు నిర్ణయింపబడినవి. నేడు జామియా ఉస్మానియా ప్రాంగణమునకు చిహ్నముగానున్న ఆర్ట్సు కళాశాల భవనము 1939లో ప్రారంభమగువరకు విశ్వవిద్యాలయపు తొలి ఇరువది యేండ్ల చరిత్ర నగరమధ్యమున నడచినదే.

ఈ ప్రయత్నమును విమర్శించువారును, మెచ్చువారును కలరు. విశ్వవిద్యాలయ స్థాయిని ఆధునిక శాస్త్రములను భారతీయ భాషలో బోధింపవచ్చునని చేతలలో నిరూపించిన ఘనత దానిది. పుస్తకమును, పదమును, గురువును, పరీక్షను ఒక్క త్రాటిపై నిలిపినచో దేశభాషలో బోధన అసాధ్యము కాదని అది చాటినది. కాని ఆ దేశభాష ఉర్దూ. సంస్థానమున తెలుగు, మరాఠీ, కన్నడములు మాటలాడువారు అధికసంఖ్యాకులు. తెలుగు ఒక పాఠ్యవిషయముగా ఆదిలోనే ప్రవేశించినది. రాయప్రోలు సుబ్బారావుగారు ఆ శాఖను నడపిరి. కాని తెలుగు విద్యార్థి తెలుగు గంటలో తెలుగు విని, తక్కిన గంటలలో పరభాషలో రసాయనశాస్త్రము వినవలసివచ్చెను. ఆంగ్లమునకు బదులు ఉర్దూ వచ్చినదే గాని అతని భారము తగ్గలేదు.

ఈ రెండు ఉదాహరణములను ప్రక్కప్రక్కన పెట్టి చూచిన ఒక విషయము స్పష్టపడును. సుల్తాను బజారులో విద్యార్థి భాషలో పుస్తకము పుట్టినది. దానికి తరగతి గది దొరకలేదు. గన్‌ఫౌండ్రీలో తరగతి గదియు, పుస్తకమును, గురువును ఒకచోట కూడినవి. విద్యార్థి భాష మాత్రము కూడలేదు. ఈ రెండు చోట్లకు నడుమ దూరము ఒక మైలునకు లోపు. ఆ మైలును దాటుటకు తెలుగు విద్యార్థికి అరువదియేండ్లకు పైగా పట్టెను.

ఈ లోపల వేరొక సాధనము వచ్చినది. ఆబిడ్సులోని చిరాగ్ అలీ గల్లీలో మహబూబ్ అలీ అను తపాలాశాఖోద్యోగి 200 వాట్ల చిన్న ప్రసారయంత్రముతో రేడియో నడపెను. 1935 ఫిబ్రవరిలో నిజాము ప్రభుత్వము దానిని చేపట్టినది. దక్కన్ రేడియో యని ప్రసిద్ధికెక్కిన ఆ కేంద్రము 1950 ఏప్రిలు 1వ తేదీన ఆకాశవాణిలో చేరెను. పిమ్మట హైదరాబాదు ఆకాశవాణి నాంపల్లి పబ్లిక్ గార్డెన్సు సమీపమున, సైఫాబాదులో స్థిరపడినది. ఇంగ్లండున బి.బి.సి. సంస్థ 1924లోనే పాఠశాలలకు ప్రసారములు మొదలుపెట్టియుండెను. మన దేశమునను ఆకాశవాణి కేంద్రములు బడిపిల్లల కొఱకు ప్రత్యేక కార్యక్రమములను ప్రసారము చేసినవి.

రేడియో అచ్చుపుస్తకమునకు లేని ఒక గుణముతో వచ్చినది: చదువురానివానికిని అది వినిపించును. చక్కని ఉచ్చారణ, సంగీతము, పండితుల కంఠస్వరము పల్లెబడికి చేరుటకు అదియే తొలి మార్గము. కాని దానికొక దోషము కలదు. పుస్తకము పిల్లవాని కొఱకు ఆగును, రేడియో ఆగదు. అర్థము కాలేదని చేయి యెత్తిన బాలుని అది చూడదు. బడి గంటకును ప్రసారపు గంటకును పొత్తు కుదరనిచో ఆ పాఠము గాలిలో కలసిపోవును. కావున రేడియోపాఠము ఫలించిన చోటనెల్ల దానికి ముందు ఉపాధ్యాయుడు నాలుగు మాటలు చెప్పి పిల్లలను సిద్ధపరచుటయు, పిమ్మట ప్రశ్నలడుగుటయు తప్పనిసరి యయ్యెను. యంత్రము గురువు పనిని తగ్గింపలేదు, మార్చినది.

1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన పిమ్మట తెలుగున ఉన్నతవిద్య యను ప్రశ్న మరల ముందునకు వచ్చెను. 1968లో తెలుగు అకాడమి స్థాపింపబడినది. 1969లో ఇంటర్మీడియటు తరగతులలో తెలుగు బోధనభాషగా ప్రవేశించినది. 1971లో ఏర్పడిన ఇంటర్మీడియటు విద్యామండలి కార్యాలయమైన విద్యాభవనము నాంపల్లిలోనే యున్నది. పుస్తకము ఒకచోట, పరీక్ష ఒకచోట సిద్ధమై, రెండును ఒకే భాషలో నిలిచినవి. మండలి గ్రంథములకు లభింపని తరగతి గది, ఉస్మానియా విద్యార్థికి లభింపని మాతృభాష, ఈ రెండును ఒక్కచోట కూడిన కాలమిది. 1906లో వేసిన విత్తునకు 1969లో పాదు దొరకినది. జిల్లాల నుండి వచ్చిన తొలితరము విద్యార్థులు పలువురు ఈ తెలుగు పాఠ్యపుస్తకములతోనే విజ్ఞానశాస్త్రపు గడప దాటిరి. వారికి ఇది భాషాభిమానమునకు సంబంధించిన విషయము కాదు, చదువు సాగుటకో ఆగుటకో సంబంధించిన విషయము.

ఇంతలో ఆకాశమునుండియే పాఠము చెప్పవచ్చునను ఆశ కలిగినది. ఇది నగరపు పేటల నుండి పల్లెబడుల వైపు మనలను తీసికొనిపోవు ఘట్టము గనుక, మనము పెట్టుకొన్న ఎల్లను ఒక్క అడుగు దాటవలసి యున్నది. 1969లో భారత అణుశక్తి విభాగము, అమెరికా అంతరిక్షసంస్థ నాసా చేసికొన్న ఒడంబడిక ననుసరించి, 1975 ఆగస్టు 1 మొదలు 1976 జూలై 31 వరకు ఏటీఎస్-6 ఉపగ్రహము ద్వారా ఆరు రాష్ట్రములలోని సుమారు 2,400 గ్రామములకు టెలివిజను ప్రసారములు సాగినవి. ఆంధ్రప్రదేశ్ ఆ ఆరింటిలో నొకటి. తెలుగు కార్యక్రమములను సిద్ధపరచు కేంద్రము హైదరాబాదు. ఉదయమున బడిపిల్లలకు గంటన్నర ప్రసారము. అందు హిందీ, ఒరియా, కన్నడము, తెలుగు భాషలకు ఒక్కొక్కదానికి 22½ నిమిషములు. బడి ముంగిట నిలిపిన మూడు మీటర్ల తీగెవల గొడుగు ఉపగ్రహము నుండి సూటిగా సంకేతమును పట్టుకొనెను. విద్యుత్తు సరిగా లేని పల్లెలోని బాలుడు తెలుగులో మాటలాడు దృశ్యమును బడిలో చూచినది అప్పుడే.

ఈ ప్రయోగమున అందరును చెప్పుకొనునది ఉపగ్రహమును గూర్చి. నా దృష్టిలో అంతకంటె విలువైన ఘట్టము వేరొకటి. 1975 అక్టోబరులో ప్రాథమికోపాధ్యాయులకు విజ్ఞానశాస్త్రబోధనలో 12 దినముల శిక్షణ ఈ ప్రసారముల ద్వారా ఇయ్యబడినది. తర్వాత మరల జరిగిన శిక్షణతో కలిపి దాదాపు 50,000 మంది ఉపాధ్యాయులు దానిని పొందిరి. టెలివిజను ఒక్కటియే దానిలోని సాధనము కాదు. రేడియో, అచ్చు పాఠములు, చేతితో చేయు ప్రయోగములు, దగ్గరనుండి సందేహములు తీర్చు మార్గదర్శకుడు, వీని నన్నింటిని కలిపి నడపిరి. పిల్లవానిని పెట్టె ముందు కూర్చుండబెట్టుట కంటె, అతనికి ప్రతిదినము పాఠము చెప్పు గురువును బలపరచుటయే మేలని ఆ శిక్షణను రూపొందించినవారు గ్రహించిరి.

ఏడాది ముగియగానే ఆ ఉపగ్రహము మన సేవనుండి తొలగెను. మన సొంత ఇన్‌శాట్ ఉపగ్రహములు 1980ల తొలి సంవత్సరములలో గాని రాలేదు. ఈ నడుమ ఏండ్లను గూర్చి ఆలోచించినపుడు వేరొక సంగతి తట్టును. ఉపగ్రహపాఠము వినిన పుష్కరమునకు, 1987లో, కేంద్రప్రభుత్వము నల్లబల్ల పథకమను పేరుగల కార్యక్రమమును చేపట్టెను. ప్రతి ప్రాథమిక పాఠశాలకు కనీసము రెండు గదులు, ఇద్దరు ఉపాధ్యాయులు, నల్లబల్ల, పటములు, ఆటవస్తువులు మున్నగునవి సమకూర్చుట దాని యాశయము. ఆకాశమున ఉపగ్రహము నడచిన దేశముననే నల్లబల్ల లేని బడులు కలవని ఆ పథకమే ఒప్పుకొనినది. సాధనముల చరిత్ర మెట్లవరుసవలె ఒకదాని పిమ్మట ఒకటిగా సాగదు. పాత అవసరము తీరకముందే క్రొత్త యంత్రము వచ్చి కూర్చుండును. 1913లో ఎడిసను చలనచిత్రములు త్వరలో పాఠ్యపుస్తకమును బడినుండి వెడలగొట్టునని జోస్యము చెప్పెను. నూరేండ్లు గడచినను పుస్తకము పోలేదు.

మరల మన పేటలకు వత్తము. 1985లో నాంపల్లి పబ్లిక్ గార్డెన్సులో తెలుగు విశ్వవిద్యాలయము వెలసినది. తెలుగు భాషాసమితి కృషి దానిలో కలిసి విజ్ఞానసర్వస్వ కేంద్రమైనది. 2025లో ఆ విశ్వవిద్యాలయమునకు సురవరము ప్రతాపరెడ్డిగారి పేరు పెట్టబడినది. నాంపల్లి స్టేషను మార్గమున నున్న గోల్డెన్ త్రెషోల్డు సరోజినీ నాయుడుగారి నివాసము. ఆమె తండ్రి అఘోరనాథ చటోపాధ్యాయుడు నిజాము కళాశాల తొలి ప్రధానాచార్యుడు. 1974లో హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయము ఆ యింటనే కండ్లు తెరచెను. అంతర్జాలమున 2003లో మొదలైన తెలుగు వికీపీడియా రచయితలు 2010ల దశకమున అదే యింట సమావేశమగుచు వచ్చిరి. కొమఱ్ఱాజువారు ఆంధ్ర విజ్ఞానసర్వస్వమునకు పూనుకొన్న శతాబ్దమునకు, వారు గ్రంథాలయము స్థాపించిన చోటికి సమీపముననే, తెలుగువారు మరల విజ్ఞానసర్వస్వము వ్రాయుటకు కూడిరి. ఈసారి అచ్చుకూటము కొఱకు మద్రాసు పోవలసిన పని లేకపోయెను.

బషీర్‌బాగులో, లాల్ బహదూర్ స్టేడియము ఎదుటనున్న రాష్ట్ర విద్యాపరిశోధన శిక్షణ సంస్థ ఆధ్వర్యమున పాఠ్యపుస్తకములు రూపొందుచుండును. 2017లో కేంద్రము ప్రారంభించిన దీక్ష వేదిక పిమ్మట అట్టి పుస్తకముల పుటలపై క్యూఆర్ సంకేతములు కానవచ్చినవి. సెల్‌ఫోనును ఆ గుర్తుపై నిలిపిన దృశ్యపాఠము తెరచుకొనును. 2020 మార్చిలో కరోనా వ్యాధి కారణమున బడులు మూతపడినవి. ఆ సంవత్సరము సెప్టెంబరు 1వ తేదీనుండి తెలంగాణమున 3వ తరగతి మొదలు 10వ తరగతి వరకు పిల్లలకు దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ ప్రసారముల ద్వారా పాఠములు చెప్పబడినవి. ఇంట టెలివిజను లేని పిల్లలను ఇరుగుపొరుగిండ్లకు, పంచాయతీ కార్యాలయములకు చేర్చు బాధ్యతయు, పాఠము వినిరో లేదో విచారించు బాధ్యతయు ఉపాధ్యాయులపై పడినవి. 1975లో పల్లెబడి ముంగిట జరిగినదే మరల జరిగినది. ప్రసారము రాజధానినుండి వచ్చినను, పాఠము పిల్లవానికి చేరుట ఊరి గురువు వలననే సాధ్యమైనది.

ఇంతవరకు చూచిన చరిత్రనుండి మూడు విషయములు తేలుచున్నవి. మొదటిది భాష. సాధనము విద్యార్థి భాషలో మాటలాడనిచో అది అతనికి రెండు పాఠములు నేర్పబోయి ఒకటియు నేర్పలేకపోవును. రెండవది గురువు. గురువు చేతికి రాని సాధనము బడిలోనున్నను బడికి చెందదు. మూడవది నిలుకడ. ఒక్క ఏడాది వెలిగి ఆరిపోయిన సాధనము విద్యార్థికి జ్ఞాపకమును మిగుల్చునే గాని చదువును మిగల్పదు. విజ్ఞానచంద్రికకు మొదటిది యుండి రెండవది లేకపోయెను. ఉస్మానియా అనువాదమునకు రెండవది యుండి మొదటిది లేకపోయెను. ఉపగ్రహ ప్రసారమునకు మొదటి రెండును సమకూరి మూడవది లేకపోయెను. 1969 నాటి తెలుగు పాఠ్యపుస్తకము యంత్రము కాకపోయినను, మూడును కొంతమేరకు కలిగియుండుట చేతనే దాని ఫలము విస్తరించినది.

నేడు ఆంగ్లమాధ్యమము వైపు పాఠశాలలు మరలుచున్న కాలమున ఈ విచారణ పాతకథ కాదు. ఇంట తెలుగు, పుస్తకమున ఆంగ్లము, తెరపై మరియొక యాసలో ఆంగ్లము వినవలసిన బాలుడు గన్‌ఫౌండ్రీలో ఉర్దూలో రసాయనము వినిన విద్యార్థికి తమ్ముడే. అతని చేతికి ఎంత మంచి యంత్రమిచ్చినను, అది అతని భాషలో ఒక్క సందేహమైనను తీర్పవలెను గదా.

తుదకొక మనవి. బోధనసాధనములను గూర్చిన మన వ్రాతలు ప్రాయికముగా ప్రారంభోత్సవముల చరిత్రలు. ఏ యంత్రము ఎప్పుడు వచ్చినదో తెలుపును. అది బడిలో ఎన్ని దినములు పనిచేసినదో, ఏ పాఠమునకు తోడ్పడినదో, ఎప్పుడు బీరువాలోనికి పోయినదో తెలుపవు. 1975 నాటి పాఠములు వినిన పిల్లలు నేడు అరువది యేండ్లకు సమీపించినవారు. వారికి పాఠము చెప్పిన ఉపాధ్యాయులు వయోవృద్ధులు. 1969లో తెలుగున ఇంటర్మీడియటు చదివిన తొలి విద్యార్థులు డెబ్బదియేండ్లు దాటినవారు. వారి జ్ఞాపకములు, పాఠముల చిత్తుపుస్తకములు, బడి హాజరుపట్టీలు చెదలపాలు కాకముందే మన పరిశోధక విద్యార్థులు వానిని సేకరింపవలసి యున్నది. సాధనము సఫలమైనదో విఫలమైనదో చెప్పవలసిన సాక్షి, చివరి వరుసలో కూర్చుండి పాఠము వినిన విద్యార్థి. అతనిని అడుగకుండ వ్రాసిన చరిత్ర అసంపూర్ణము.